కలము, కరుణ – సరోజినీ నాయుడు

పాఠ్యభాగ ఉద్దేశం

యుద్ధాలను గురించి చదివేటప్పుడు సేనానుల పేర్లు, సంధుల తేదీలు ముందుగా కనబడతాయి. గాయపడినవారికి కట్లు కట్టినవారు, సైనికులకు బట్టలు కుట్టి పంపినవారు, బిడ్డలను కోల్పోయిన తల్లుల వేదనకు మాటనిచ్చినవారు చరిత్ర పుటల్లో అంతగా కనబడరు. కవయిత్రిగా లోకమెరిగిన సరోజినీ నాయుడు మొదటి ప్రపంచ యుద్ధకాలంలో చేసిన సేవను, ఆ సేవకు సాక్ష్యంగా నిలిచిన రచనలను, లేఖలను విద్యార్థులకు పరిచయం చేయడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠ్యభాగం

లోకంలో సేవ రెండు విధాలుగా సాగుతుంది. ఆకలిగొన్నవానికి అన్నం పెట్టే చేయి మొదటిది. అట్టి చేతులను పదింటిని కూడగట్టే మాట రెండవది. మొదటి దానికి నిదర్శనం కోసం కోనసీమవాసులు దూరం వెళ్లనక్కరలేదు. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ వేళగాని వేళ తలుపు తట్టిన బాటసారికి సైతం వండి వడ్డించి ‘అపర అన్నపూర్ణ’ అనిపించుకొంది. ఆమె 1841లో జన్మించి 1909లో కన్నుమూసింది. ఆమె కథను జనం నోటి మాటగా దాచుకొన్నారు. రెండవ విధమైన సేవకు నిదర్శనం సరోజినీ నాయుడు. ఆమెకు మాటే సాధనం. అందువల్ల ఆమె సేవ జనం నోటనే కాక కాగితం మీద కూడా నిలిచింది. ఒక సంతకం, ఒక నివేదిక, ఒక కవిత, ఒక లేఖల కట్ట – ఇవి ఆమె యుద్ధకాల జీవితానికి సాక్షులు.

సరోజిని 1879 ఫిబ్రవరి 13న హైదరాబాదులో ఒక వంగ కుటుంబంలో జన్మించింది. తండ్రి అఘోరనాథ చటోపాధ్యాయ ఎడింబరో విశ్వవిద్యాలయంలో విజ్ఞానశాస్త్రంలో డాక్టరేటు పొందిన పండితుడు. హైదరాబాదులో నేటి నిజాం కళాశాలకు మూలమైన కళాశాలను నెలకొల్పినవాడు. తల్లి వరదసుందరి వంగభాషలో పాటలు అల్లేది. సోదరులలో హరీంద్రనాథ్ కవి, నటుడు. అతడు 1952లో విజయవాడ నుంచి తొలి లోక్‌సభకు ఎన్నికై తెలుగువారికి ఆత్మీయుడయ్యాడు.

తండ్రి కుమార్తెను శాస్త్రవేత్తను చేయదలచాడు. పదకొండేళ్ల ప్రాయంలో ఒకనాడు బీజగణితంలో ఒక లెక్క ఎంతకూ తేలక ఆ బాలిక నిట్టూరుస్తూ ఉండగా, లెక్కకు బదులు ఒక పద్యం ఆమెకు స్ఫురించింది. నాటి నుంచి ఆమె దారి కవిత్వమే. పన్నెండవ ఏట మద్రాసు విశ్వవిద్యాలయ మెట్రిక్యులేషన్ పరీక్షలో ఉత్తీర్ణురాలైంది. పదమూడవ ఏట ఆరు రోజుల్లో 1300 పంక్తుల దీర్ఘకవిత రచించింది. 1895లో నిజాం ప్రభుత్వ విద్యార్థి వేతనంతో ఇంగ్లండు వెళ్లి, లండన్‌లోని కింగ్స్ కళాశాలలోను, కేంబ్రిడ్జిలోని గిర్టన్ కళాశాలలోను చదివింది. అక్కడ ఎడ్మండ్ గాస్ అనే విమర్శకుడు ఆమె తొలి కవితలు చూసి ఒక హితవు చెప్పాడు. ఇంగ్లండు పక్షులను, పూలను వర్ణించడం మాని సొంత దేశపు హృదయాన్ని చూపవలసిందని ఆ హితవు సారాంశం. సరోజిని దానిని శిరసావహించింది.

1898లో స్వదేశానికి తిరిగి వచ్చి, అదే సంవత్సరం డిసెంబరులో ఎడింబరోలో వైద్యవిద్య అభ్యసించిన తెలుగువాడు ముత్యాల గోవిందరాజులు నాయుడును మద్రాసులో వివాహమాడింది. ఆ కులాంతర వివాహాన్ని జరిపించినవాడు రాజమహేంద్రవరానికి చెందిన సంఘసంస్కర్త కందుకూరి వీరేశలింగం పంతులు. గోదావరి తీరాన వితంతు వివాహాలు జరిపించి ఎన్నో నిందలకు ఓర్చిన ఆ పెద్ద మనిషి చేతుల మీదుగా ఆమె తెలుగింటి కోడలైంది. ఆ దంపతులకు జయసూర్య, పద్మజ, రణధీర, లీలామణి అని నలుగురు సంతానం.

1905లో వెలువడిన ‘ది గోల్డెన్ త్రెషోల్డ్’ ఆమె తొలి కవితా సంపుటి. పల్లకీ మోసే బోయీలు, వేకువన వేటకు వెళ్లే కోరమాండల్ తీరపు జాలరులు ఆమె కవితలకు వస్తువులయ్యారు. అంతర్వేది, ఓడలరేవు తీరాలలో తెల్లవారకముందే కడలిలోకి సాగే మత్స్యకారులను చూసినవారికి ఆ కవితలోని లోకం కొత్తది కాదు. 1912లో ‘ది బర్డ్ ఆఫ్ టైమ్’, 1917లో ‘ది బ్రోకెన్ వింగ్’ సంపుటాలు వెలువడ్డాయి. ఆమె కంఠ మాధుర్యాన్ని, కవితా మాధుర్యాన్ని మెచ్చి ప్రజలు ‘భారత కోకిల’ అని పిలుచుకొన్నారు.

కోకిల తోటలోనే కూర్చుండిపోలేదు. 1908 సెప్టెంబరు 28న మూసీ నది పొంగి హైదరాబాదు నగరాన్ని ముంచెత్తింది. వేలాది ప్రాణాలు నీటిపాలయ్యాయి. అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టు కొమ్మలను పట్టుకొని సుమారు 150 మంది బతికి బయటపడ్డారని చరిత్ర చెబుతున్నది. 1996 నవంబరు 6 నాటి తుపాను కోనసీమ కొబ్బరి తోటలను నేలకూల్చిన తీరును పెద్దల నోట విన్నవారికి ఆ ప్రళయం ఎట్టిదో ఊహకందుతుంది. ఇల్లూ వాకిలీ కోల్పోయినవారి కోసం సరోజిని సహాయ కార్యక్రమాల్లో ముందు నిలిచింది. ఆ సేవకు గుర్తింపుగా బ్రిటిష్ ప్రభుత్వం ఆమెకు ‘కైసర్-ఇ-హింద్’ పతకం ఇచ్చింది. ఆ పతకం కథ ఇంకా మిగిలి ఉన్నది.

1914లో సరోజిని చికిత్స నిమిత్తం లండన్‌లో ఉన్నది. ఆగస్టు 4న బ్రిటన్ యుద్ధం ప్రకటించింది. రెండు రోజుల తరువాత దక్షిణాఫ్రికా నుంచి గాంధీజీ కస్తూరిబాతో కలిసి లండన్ చేరాడు. ఆయన బసను వెదుక్కొంటూ వెళ్లిన సరోజినికి, నేలమీద కంబళి పరచుకొని కొయ్య గిన్నెలో నుంచి భోజనం చేస్తున్న ఒక బక్కపలచని మనిషి కనిపించాడు. ఆ దృశ్యానికి ఆమె పకపకా నవ్వింది. ఆ నవ్వుతో మొదలైన స్నేహం మూడు దశాబ్దాలకు పైగా సాగింది.

ఆ రోజుల్లో లండన్‌లోని భారతీయుల ముందు ఒక ధర్మసందేహం నిలిచింది. పరాయి పాలకుల యుద్ధంలో పాలితులు సహాయపడవచ్చునా? పాలకులకు వచ్చిన కష్టాన్ని స్వాతంత్ర్య సాధనకు అవకాశంగా మలచుకోవాలని కొందరు వాదించారు. అహింసను నమ్మినవాడు యుద్ధంలో ఏ పని చేసినా తప్పే కదా అని గాంధీజీ మిత్రులే ప్రశ్నించారు. గాంధీజీ ఆయుధం పట్టలేదు. క్షతగాత్రులకు ఉపచారం చేయడానికి ఒక దళాన్ని కూర్చాడు. బేషరతుగా సేవలందిస్తామని లండన్‌లోని భారతీయులు ఆగస్టు నడుమ ప్రకటించిన పత్రంపై గాంధీజీ, కస్తూరిబాల సంతకాలతో పాటు సరోజినీ నాయుడు సంతకం కూడా ఉన్నది. ఆమె యుద్ధకాల పత్రాలలో ఇది మొదటిది. సుమారు 80 మంది స్వచ్ఛంద సేవకులు ప్రథమ చికిత్సలో శిక్షణ పొందారు. ఫ్రాన్సు రణరంగం నుంచి వచ్చిన భారతీయ సైనికులకు నెట్లీ ఆసుపత్రిలో ఆ దళం వారు ఉపచర్యలు చేశారు.

సరోజిని చేసిన పని చూడడానికి చిన్నది. లైసియం అనే మహిళా సంఘం సైనికులకు దుస్తులు కుట్టి పంపే బాధ్యత చేపట్టింది. సరోజిని అందులో సభ్యురాలు. కత్తిరించిన బట్టల మూటను ఆమె గాంధీజీ ముందు పెట్టి, అన్నీ కుట్టించి తిరిగి తనకు చేర్చమని పురమాయించింది. గాంధీజీ మిత్రుల సాయంతో వీలైనన్ని కుట్టించి ఇచ్చాడు. ఈ సంగతి ఆయన తన ఆత్మకథలో రాసుకొన్నాడు. ఒక మహాకవయిత్రి, ఒక మహానాయకుడు తొలి పరిచయంలోనే సూది దారం పనిలో కలుసుకోవడం గమనింపదగిన విషయం. శీతకాలం ముంచుకొస్తున్న వేళ కందకంలో నిలిచిన సైనికునికి ఒక చొక్కా మహోపకారమే.

ఆ యుద్ధంలో భారతదేశం నుంచి సుమారు 13 లక్షల మంది పాల్గొన్నారు. సుమారు 74,000 మంది ప్రాణాలు కోల్పోయారు. 1915 మార్చిలో ఫ్రాన్సులోని న్యూవ్ షాపెల్ వద్ద జరిగిన పోరులో భారతీయులు పెద్ద సంఖ్యలో నేలకొరిగారు. హైదరాబాదు సంస్థానానికి చెందిన అశ్వికదళం ఈజిప్టు, పాలస్తీనా రంగాలలో పనిచేసింది. యుద్ధం ఐరోపాలో ఉన్నా దాని దుఃఖం భారతదేశపు ఇళ్లలో ఉన్నది. ఏ ఊరి పేరూ తెలియని నేలలో కుమారుడు మరణించాడన్న కబురు అందిన తల్లికి, ఆ యుద్ధం ఎందుకు జరుగుతున్నదో చెప్పేవారు కూడా లేరు.

స్వదేశానికి తిరిగి వచ్చిన తరువాత సరోజిని హైదరాబాదులో రచన, సేవ ఒక్కటిగా సాగించింది. ఆ నగరంలోని మహిళలు యుద్ధ సహాయ సంఘంగా ఏర్పడి పనిచేస్తున్నారు. ఆ సంఘం 1915 డిసెంబరు నివేదిక కోసం ఆమె ఒక కవిత రచించింది. అదే ‘ది గిఫ్ట్ ఆఫ్ ఇండియా’. తరువాత అది ‘ది బ్రోకెన్ వింగ్’ సంపుటిలో చేరింది. నేడు ఆ కవితను చదివేవారిలో అది మొదట ఒక సహాయ సంఘపు నివేదిక కోసం పుట్టిందని ఎరిగినవారు తక్కువ. ఆ పుట్టుకను ఎరిగి చదివితేనే దాని అర్థం పూర్తిగా తెలుస్తుంది.

నివేదిక అంటే లెక్కల పుస్తకం. ఎంత ధనం చేరింది, ఏమేమి పంపబడ్డాయి అన్న వివరాలు చెప్పడం దాని పని. సరోజిని ఆ లెక్కల సరసన లెక్కకందని దానిని నిలిపింది. ఆ కవితలో మాట్లాడేది భారతమాత. ధాన్యం ఇచ్చాను, వస్త్రాలు ఇచ్చాను, బంగారం ఇచ్చాను, వాటికి మించి నా బిడ్డలను ఇచ్చాను అన్న భావం అందులో ప్రధానం. ఆ బిడ్డలు నేడు పరాయి దేశాల మట్టిలో నిద్రిస్తున్నారు. వారి తల్లిగా తాను పడే శోకంలో గర్వమూ ఉన్నది, నిస్సహాయతా ఉన్నది. యుద్ధం ముగిసి లోకం శాంతిని పునర్నిర్మించుకొనేనాడు ఈ బిడ్డల రక్తాన్ని మరువవద్దని ఆ తల్లి కోరుతుంది. సానుభూతిని అర్థించే కవితగా మొదలై, లోకాన్ని బాకీ అడిగే కవితగా అది ముగుస్తుంది.

మన సాహిత్యానికి ఈ మార్గం కొత్తది కాదు. మహాభారతంలో యుద్ధం ముగిసిన తరువాత స్త్రీపర్వం వస్తుంది. గాంధారి రణభూమిలో నిలిచి, మరణించిన కుమారులను చూసి విలపిస్తుంది. గెలుపోటముల కథ అక్కడితో ఆగి, తల్లుల కథ మొదలవుతుంది. తిక్కన దానిని తెలుగు చేసి మనకు అందించాడు. యుద్ధం విలువను మాతృహృదయంతో తూచడం మన ప్రాచీన కవులు నేర్పిన పద్ధతి. సరోజిని ఆంగ్లంలో రాసినా ఆమె చేతిలోని తూనిక ఈ నేలదే. అయితే గాంధారి యుద్ధం ముగిసిన తరువాత విలపించింది. సరోజిని యుద్ధం సాగుతూ ఉండగానే ఒక చేత్తో సాయం అందిస్తూ, మరొక చేత్తో ఆ శోకాన్ని లిఖించింది.

ఆ కవితలోని కోరికకు బ్రిటిష్ పాలకుల నుంచి వచ్చిన ప్రత్యుత్తరం దారుణమైనది. 1918 నవంబరులో యుద్ధం ముగిసింది. 1919 మార్చిలో రౌలట్ చట్టం వచ్చింది. ఏప్రిల్ 13న అమృత్‌సర్‌లోని జలియన్‌వాలా బాగ్‌లో నిరాయుధులైన ప్రజలపై తుపాకులు పేలాయి. ఏ పంజాబు వేలాది సైనికులను యుద్ధానికి పంపిందో ఆ పంజాబులోనే ఈ ఘోరం జరిగింది. సరోజిని తన కైసర్-ఇ-హింద్ పతకాన్ని తిరిగి ఇచ్చివేసింది. ఇక్కడ ఒక సూక్ష్మం గ్రహించాలి. ఆమె వదులుకొన్నది పతకాన్నే గాని సేవను కాదు. వరదలో మునిగినవారికి చేసిన సేవ, గాయపడిన సైనికులకు చేసిన సేవ తప్పని ఆమె ఎన్నడూ భావించలేదు. బాధితునికి చేసే ఉపచారం వేరు, పాలకునికి చూపే విధేయత వేరు. ఈ రెండింటి నడుమ గీత ఎక్కడ ఉన్నదో ఆమె ఆ చర్యతో స్పష్టం చేసింది.

ఆ తరువాత ఆమె జీవితం జాతీయోద్యమంతో పెనవేసుకొంది. ‘ది బ్రోకెన్ వింగ్’ తరువాత ఆమె జీవించి ఉండగా కొత్త కవితల సంపుటి వెలువడలేదు. 1924లో ఆఫ్రికాలోని ప్రవాస భారతీయుల కష్టాలు తెలుసుకోవడానికి తూర్పు, దక్షిణాఫ్రికాలలో పర్యటించింది. దక్షిణాఫ్రికాలోని నాటాల్ చెరకు తోటలకు వలస వెళ్లిన కూలీలలో తెలుగువారు కూడా ఎందరో ఉన్నారు. 1925లో కాన్పూరు కాంగ్రెస్ మహాసభకు అధ్యక్షత వహించింది. ఆ పదవిని అలంకరించిన తొలి భారతీయ మహిళ ఆమె. 1930 మే నెలలో ధరాసనా ఉప్పు సత్యాగ్రహానికి నాయకత్వం వహించి అరెస్టయింది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1942 ఆగస్టులో గాంధీజీతో పాటు నిర్బంధానికి గురై పూనాలోని ఆగాఖాన్ భవనంలో గడిపింది. 1943 ఫిబ్రవరి, మార్చి నెలల్లో గాంధీజీ 21 రోజులు నిరాహార దీక్ష చేసినప్పుడు దగ్గర ఉన్నవారిలో ఆమె ఒకతె. అదే మార్చిలో అనారోగ్యం వల్ల విడుదలైంది. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత ఉత్తరప్రదేశ్‌గా మారిన సంయుక్త రాష్ట్రానికి గవర్నరుగా పనిచేస్తూ 1949 మార్చి 2న లక్నోలో పరమపదించింది. స్వతంత్ర భారతదేశంలో గవర్నరు పదవిని చేపట్టిన తొలి మహిళ ఆమె.

సరోజిని మరణానంతరం ఆమె కాగితాలను కాపాడినది కుమార్తె పద్మజా నాయుడు. తల్లి ఉంచి వెళ్లిన అముద్రిత కవితలను పద్మజ 1961లో ‘ది ఫెదర్ ఆఫ్ ది డాన్’ పేరుతో ప్రచురించింది. పద్మజ కూడా తల్లి బాటలోనే నడిచి, రెడ్‌క్రాస్ సంస్థతో సుదీర్ఘకాలం సంబంధం కలిగి సేవ చేసింది. హైదరాబాదులోని వారి నివాసానికి కవితా సంపుటి పేరే పెట్టుకొన్నారు. 1974లో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయం తొలి రోజులలో ఆ ‘గోల్డెన్ త్రెషోల్డ్’ ప్రాంగణంలోనే నడిచింది.

సరోజిని తన బిడ్డలకు రాసిన లేఖలు పద్మజా నాయుడు పత్రాలలో భాగంగా ఢిల్లీలోని తీన్‌మూర్తి భవన ప్రాంగణంలో భద్రంగా ఉన్నాయి. అక్కడి నెహ్రూ స్మారక మ్యూజియం, గ్రంథాలయానికి 2023లో ప్రధానమంత్రుల మ్యూజియం, గ్రంథాలయం అని పేరు మారింది. ఆమె లేఖలలో ఎంపిక చేసినవాటిని మకరంద్ పరాంజపే సంపాదకత్వంలో 1996లో పుస్తకంగా ప్రచురించారు. సభలలో సింహగర్జన చేసిన నాయకురాలు ఆ లేఖలలో బిడ్డలకు దూరంగా ఉన్న తల్లిగా దర్శనమిస్తుంది. అనారోగ్యం, ప్రయాణాలు, హాస్యం, బెంగ అన్నీ వాటిలో కలిసి ఉంటాయి. ఇతరుల బిడ్డల కోసం కవిత రాసిన తల్లి తన బిడ్డలకు దూరంగా ఉండవలసి వచ్చిన సంగతి ఆ లేఖల వల్లనే తెలుస్తుంది. ప్రజాసేవకు ఆమె చెల్లించిన మూల్యం ఏ నివేదికలోను కనబడదు, లేఖలలో కనబడుతుంది.

తీన్‌మూర్తి అనే పేరుకు మూలం ఆ భవనం ఎదుట ఉన్న మూడు కంచు విగ్రహాలు. మొదటి ప్రపంచ యుద్ధంలో మరణించిన జోధ్‌పూర్, మైసూరు, హైదరాబాదు సంస్థానాల అశ్వికుల స్మృత్యర్థం 1922లో వాటిని ప్రతిష్ఠించారు. వాటిలో ఒకటి హైదరాబాదు నుంచి బయలుదేరి తిరిగి రాని సైనికులకు గుర్తు. ఆ సైనికుల తల్లుల పక్షాన మాట్లాడిన హైదరాబాదు కవయిత్రి లేఖలు కూడా ఆ ప్రాంగణంలోనే ఉన్నాయి. విగ్రహం సైనికుని శౌర్యాన్ని గుర్తుచేస్తుంది. అతని కోసం ఎదురుచూసిన తల్లిని గుర్తుచేసే పని ఆమె కవిత చేస్తుంది.

కళ వేరు, సేవ వేరు అని లోకం తరచుగా తలపోస్తుంది. కవి ఊహాలోకంలో విహరిస్తాడని, సేవకుడు నేలమీద నడుస్తాడని అనుకొంటుంది. సరోజినీ నాయుడు విషయంలో ఈ విభజన నిలువదు. దానమిచ్చిన చీరలను, చొక్కాలను లెక్కపెట్టిన నివేదిక కొన్నాళ్లకు పాతబడుతుంది. ఆ నివేదిక కోసం రాసిన కవిత మాత్రం నూరేళ్లు దాటినా తల్లుల పక్షాన మాట్లాడుతూనే ఉన్నది. సేవ లేకపోతే ఆ కవితకు పునాది లేదు. కవిత లేకపోతే ఆ సేవలోని దుఃఖం మనదాకా చేరేది కాదు.

కఠిన పదాలు – అర్థాలు

శిరసావహించు : తలదాల్చు, గౌరవంతో అంగీకరించు
క్షతగాత్రుడు : గాయపడిన శరీరం కలవాడు
ఉపచర్య : సేవ, శుశ్రూష
ధర్మసందేహం : ఏది ధర్మమో తేలని స్థితి
కందకం : యుద్ధంలో రక్షణకై తవ్విన లోతైన గుంట
అశ్వికదళం : గుర్రపు రౌతుల సేన
అముద్రితం : అచ్చు కానిది
స్మృత్యర్థం : జ్ఞాపకార్థం

సంధులు

మహోపకారం = మహా + ఉపకారం : గుణసంధి
ప్రత్యుత్తరం = ప్రతి + ఉత్తరం : యణాదేశసంధి
మరణానంతరం = మరణ + అనంతరం : సవర్ణదీర్ఘసంధి

సమాసాలు

మాతృహృదయం : మాత యొక్క హృదయం – షష్ఠీ తత్పురుష సమాసం
గెలుపోటములు : గెలుపు మరియు ఓటమి – ద్వంద్వ సమాసం
మహాకవయిత్రి : గొప్పదైన కవయిత్రి – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు

1. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో సరోజినీ నాయుడు చేసిన సేవను వివరించండి.
2. ‘ది గిఫ్ట్ ఆఫ్ ఇండియా’ కవిత పుట్టుకను, అందులోని మాతృవేదనను మహాభారత స్త్రీపర్వంతో పోల్చి విశ్లేషించండి.

సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు

1. సరోజినీ నాయుడుకు కందుకూరి వీరేశలింగం పంతులుతో గల సంబంధం ఏమిటి?
2. ఆమె కైసర్-ఇ-హింద్ పతకాన్ని ఎందుకు తిరిగి ఇచ్చింది? ఆ చర్య వల్ల ఏమి స్పష్టమవుతున్నది?
3. తీన్‌మూర్తి ప్రాంగణానికి, సరోజిని లేఖలకు గల సంబంధాన్ని తెలపండి.

సందర్భసహిత వ్యాఖ్యలు

1. “ఆమె వదులుకొన్నది పతకాన్నే గాని సేవను కాదు.”
2. “సేవ లేకపోతే ఆ కవితకు పునాది లేదు.”

ప్రాజెక్టు పని

మీ గ్రామంలో వరద, తుపాను వంటి ఆపదల సమయంలో ఇతరులకు సాయపడిన ఒక స్త్రీని గురించి పెద్దలను అడిగి తెలుసుకోండి. ఆమె సేవకు సంబంధించిన ఉత్తరాలు, ఫోటోలు, పాటలు ఏవైనా ఉంటే వాటి ఆధారంగా రెండు పుటల వ్యాసం రాయండి.